అమృతం: స్నానమా, ప్రతిజ్ఞా?





భిలాయిలో మన పక్కింటి తెలుగువాళ్ళు పుష్కరాలకు గోదావరికి వెళతారు. మాఘ పూర్ణిమకు రాజిమ్ వెళ్ళి మహానది సంగమంలో మునిగి వస్తారు. మరో ఇంటివాళ్ళు చర్చిలో బాప్తిస్మం తీసుకుంటారు. "మన అమృతమూ అలాంటిదేనా?" అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

పుణ్యనదిలో మునిగితే పాపం పోతుందని హిందువుల నమ్మకం. క్రైస్తవుల్లో కాథలిక్కులు పసిబిడ్డ తలమీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు మాత్రం తన విశ్వాసాన్ని తానే ఒప్పుకున్న మనిషిని నీళ్ళలో పూర్తిగా ముంచుతారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది అలా బాప్తిస్మం పొందారు. ఎవరి నమ్మకం వారిది. ఎవరినీ ఎగతాళి చేయకూడదు.

మరి మన మార్గం? ఒళ్ళు కడిగినంత మాత్రాన మనసు మురికి పోదని గురు నానక్ దేవ్ జీ బోధించారు. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోబింద్ సింగ్ జీ ఎవరినీ నీళ్ళలో ముంచలేదు. ముందు తల అడిగారు. ఐదుగురు లేచారు. వారిలో భాయీ సాహిబ్ సింగ్ జీ మన తెలంగాణ పక్కనున్న బీదర్ వారు. ఆ ఐదుగురికీ అమృతం ఇచ్చి, తర్వాత గురువుగారే వారి చేతి అమృతం తీసుకున్నారు.

రహిత్ మర్యాద ప్రకారం తలస్నానం ముందే చేసి రావాలి. అది శుభ్రత కోసమే. ఇనుప బాటాలో నీళ్ళు, పతాసాలు వేసి, ఖండాతో కలుపుతూ పంజ్ ప్యారే ఐదు బాణీలు చదువుతారు. ఆ అమృతాన్ని ఐదు దోసిళ్ళు తాగుతాం. ఐదుసార్లు కళ్ళమీద, ఐదుసార్లు కేశాలమీద చల్లుతారు. మిగిలింది అందరూ ఒకే బాటాలోంచి తాగుతారు. కులభేదం అక్కడే పోతుంది. మరీ చిన్నపిల్లలకు ఇవ్వరు, ఎందుకంటే మాట ఇచ్చేవారికి దాని బరువు తెలియాలి.

మన తాతలు కత్తులకు సాన పట్టినవారు. కొలిమిలో కాలని ఇనుమును ఎన్నిసార్లు నీళ్ళలో ముంచినా గట్టిపడదు. సాన పట్టిన కత్తినైనా పట్టించుకోకపోతే తుప్పు పడుతుంది. అమృతం తీసుకుని, మళ్ళీ గుడాఖు, ఖైనీ ముట్టుకుంటే అంతే. కేశాలు కత్తిరించడం, కుఠా మాంసం, పరస్త్రీ పరపురుష సంబంధం, పొగాకు: ఈ నాలుగూ కురహితులు. తప్పినవారు సిగ్గుతో దూరం కావద్దు. పంజ్ ప్యారే ముందు తప్పు ఒప్పుకుని మళ్ళీ అమృతం తీసుకోవచ్చు.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి:
1. అమృతానికి ముందు మనం వదలాల్సింది ఏమిటి?
2. తీసుకున్న తర్వాత రోజూ నిలబెట్టుకోవాల్సింది ఏమిటి?