మన తుపాకీలో ఆ స్ప్రింగు లేదు, అల్లుడూ

భద్రాచలం

అల్లుడూ,

మీ తాత తుపాకీకి లైసెన్సు నీ పేరు మీద వచ్చిందట, సంతోషం. ఫోన్లో వీడియో చూసి రికాయిల్ స్ప్రింగు ఊడదీసి తుడుస్తానన్నావు. కాస్త ఆగు. ఆ స్ప్రింగు మన తుపాకీలో లేదు.

అది బ్రౌనింగ్ ఆటో-5 లాంటి వాటిలో ఉంటుంది. కాల్చగానే వెనక్కి వచ్చిన బ్యారెల్‌ను మళ్లీ ముందుకు నెట్టే చుట్ట స్ప్రింగు అది, తూటాల గొట్టం చుట్టూ కూర్చుని ఉంటుంది. బ్యారెల్ విడదీస్తే చేతికే వస్తుంది. పక్కనున్న రింగు ఎటు తిరిగి ఉందో గుర్తుంటే చాలు, తూటా బలాన్ని బట్టి దాని చోటు మారుతుంది.

మీ తాతది బయటికి హ్యామర్లు కనబడే పాత డబుల్ బ్యారెల్. పక్క రేకుల లోపల వి ఆకారపు స్ప్రింగులుంటాయి. తన్నుడుతో వాటికి పనిలేదు, హ్యామర్‌ను విసరడమే వాటి పని. 2022 జూలైలో గోదావరి ఇక్కడ 71 అడుగులు దాటినప్పుడు మీ ఇంట్లోకి నీళ్లొచ్చాయి కదా. బ్యారెల్స్ తుడిచారు గానీ రేకులు విప్పలేదు. ఇలాంటి స్ప్రింగు తుప్పు గుంట పడ్డచోటే పుటుక్కుమంటుంది. అందుకే విప్పమంటున్నాను.

తూటాలు వేరే గదిలో పెట్టు. తుపాకీ మడిచి రెండు గొట్టాల్లోనూ వేలు పెట్టి చూసి, ముందు చెక్క, బ్యారెల్స్ విడదీయి. రేకులను పట్టి ఉంచే మర గాడిలో స్క్రూడ్రైవర్ బిగుతుగా కూర్చోవాలి. పలచటిది పెట్టి గాడి చెడగొడితే ఆ మర మళ్లీ దొరకదు. మర సగం వదులు చేసి తల మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టు, అవతలి రేకు లేస్తుంది.

ఇక అసలు పని. హ్యామర్ పూర్తిగా ఎక్కించి, ముడుచుకున్న స్ప్రింగుకు చిన్న క్లాంపు బిగించు. తర్వాత బొటనవేలితో హ్యామర్ ఆపుతూ, దాన్ని పట్టి ఉంచే మీట నొక్కి నిదానంగా దించు. స్ప్రింగు వదులై వస్తుంది. పట్టకారుతో మాత్రం లాగకు, గీత పడ్డదంటే పగులు మొదలైనట్టే. కళ్లద్దాలు పెట్టుకో. క్లాంపు తీయకుండానే కిరసనాయిలుతో తుడిచి, పలచగా నూనె రాయి. బిగించేటప్పుడు స్ప్రింగు కొస హ్యామర్ కొక్కెంలో చిక్కిందని చూశాకే క్లాంపు కొద్దికొద్దిగా వదులు చెయ్యి.

స్ప్రింగు విరిగి ఉంటే నీ చేతి పని కాదు, లైసెన్సున్న దుకాణానికే ఇవ్వు. ఊళ్లో వాళ్ల తుపాకులు బాగుచేస్తానని కూర్చోకు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు కావాలి. అడవి పందులు మొక్కజొన్న తొక్కుతున్నాయని అత్త వాపోయింది, అయినా అనుమతి కాగితం లేకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు.

ఎన్నికలప్పుడు తుపాకీ పోలీసు స్టేషన్లో జమ చేయమంటే వారాల తరబడి అక్కడే ఉంటుంది. ముందురోజే నూనె రాసి, డమ్మీ తూటాల మీద హ్యామర్లు దించి, ఖాళీ తుపాకీ ఇచ్చి రసీదు తీసుకో.

ఇట్లు,
మీ మామ