చేపల తొట్టెకు గాజు మేలా, అక్రిలిక్ మేలా?

మన ప్రకృతిశాస్త్రపు గదిలో చేపల తొట్టె యొకటి యుంచవలెనని ఎనిమిదవ తరగతి విద్యార్థులు కోరుచున్నారు. గాజుతొట్టె పగులును, అక్రిలిక్ తొట్టె పగులదు, కనుక నదియే కొనవలెనని వారి వాదము. ఇందు సగము మాత్రమే నిజము. దెబ్బకు పగులకుండుట వేరు, చిరకాలము నిలుచుట వేరు.

అక్రిలిక్ అనునది 1933లో అమ్మకమునకు వచ్చిన ప్లాస్టిక్. ఘన సెంటీమీటరు గాజు 2.5 గ్రాములు తూగగా, ఇది 1.2 గ్రాములే తూగును. దెబ్బను బాగుగా నోర్చును. అయితే దీని పైభాగము మెత్తనిది. పాచిని తుడుచునపుడు గుడ్డక్రింద ఇసుకరేణువొక్కటి చిక్కినను గీత పడును. ఇసుక గాజును కూడ గీయగలదు గాని, అంత సులభముగా గాదు. అక్రిలిక్‌పై పడిన గీతను సన్నని ఉప్పుకాగితముతో నరగదీసి పోగొట్టవచ్చును. గాజుపై గీత యట్లు పోవుట కష్టము.

గీతలకంటె లోతైన వ్యాధి యొకటి కలదు. అక్రిలిక్ కొంచెము నీటిని పీల్చి యుబ్బును, ఎండినపుడు కుంచించుకొనును. పైగా నీటి ఒత్తిడిచే పలక యెల్లప్పుడును బిగువున నుండును. అట్టి పలకకు స్పిరిటు తగిలినచో వెండ్రుకలవంటి చీలికలు పొడచూపును. శుభ్రముచేయ బూనినవాని చేతిలోనే తొట్టె చెడుట యిట్లే.

గాజు నీటిని పీల్చదు, స్పిరిటునకు చెడదు. దాని బలహీనత అతుకులో నున్నది. పలకల నంటించిన సిలికోన్ జిగురు ఏండ్లు గడచినకొలది పట్టు వీడును. మా యింటి గాజుతొట్టె పదునొకండవ యేట నొక రాత్రి మూలనుండి కారెను. తెల్లవారుసరికి నేలయంతయు నీరే. కాని పలకలు చెక్కుచెదరలేదు. పాత జిగురు గీకి, మరల నంటించి, నేటికిని వాడుచున్నాము.

పెద్ద ప్రదర్శనశాలలలో గోడలంతేసి కిటికీలకు అక్రిలిక్‌నే వాడుదురు. ఆ మందమున గాజు మోయరాని బరువగును. అదియు నిర్భయము కాదు. బెర్లిన్ నగరమున నొక హోటలులో 2003లో తెరవబడిన అక్వాడోమ్ అను అక్రిలిక్ తొట్టె పది లక్షల లీటర్ల నీరు పట్టునది. అది 2022 డిసెంబరు 16న తెల్లవారకమునుపే బ్రద్దలయ్యెను. ఇద్దరు గాయపడిరి, సుమారు 1,500 చేపలలో చాలవరకు చచ్చెను. అతుకు వీడుట, మరమ్మతు కాలమున నీరు తీసివేయగా పలక యెండుట, అడుగున పడిన నొక్కు అను మూడు కారణములను నిపుణుడు పరిశీలించెను గాని, దేనిని నిశ్చయింపలేకపోయెను.

మనము కొనదలచినది అరువది లీటర్ల తొట్టె. దానికి గాజే తగును. సమతలమైన బల్లపై నుంచుదము. ప్రతి వేసవి సెలవులకు ముందు నాలుగు మూలల యతుకులను వ్రేలితో తడవి చూచు పని మాత్రము ఎనిమిదవ తరగతివారిదే.