గోడా స్లాబూ ఒకే పోత: మైవాన్ సైట్లలో కొలువులు

సివిల్ చదివినవాళ్లకు ఉద్యోగాల్లేవనే మాట కాలేజీ గేటు దాటకముందే చెవిన పడుతుంది. హైదరాబాద్‌లో కోకాపేట, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్ల దగ్గర మాత్రం ఇంకో మాట వినిపిస్తుంది: ‘అల్యూమినియం షట్టరింగ్ మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి’. రెండూ నిజమే. పట్టా చేతిలో ఉన్నవాళ్లు బోలెడుమంది. కాంక్రీట్ వేసే ముందు రోజు అంతస్తంతా తిరిగి ఎక్కడ తేడా ఉందో పట్టుకోగలవాళ్లు తక్కువ. టెన్త్ తర్వాత పనిలోకి దిగినా, బీటెక్ చేసి దిగినా ఈ రంగంలో మీ విలువ ఆ ముందు రోజు పనితనం మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు పద్ధతి సంగతి చూద్దాం. మనకు అలవాటైన కట్టుబడిలో పిల్లర్లు లేస్తాయి, స్లాబ్ పడుతుంది, తర్వాత ఇటుక గోడలు, ఆపైన ప్లాస్టరింగ్. సైట్లలో అందరూ మైవాన్ అని పిలిచే ఈ పద్ధతిలో లోపలి గోడలకు కూడా ఇటుక దాదాపు వాడరు. గోడకు రెండు పక్కలా, స్లాబ్ అడుగునా అల్యూమినియం పలకలు బిగిస్తారు. వాటి మధ్య ఇనుము, కరెంటు పైపులు, స్విచ్ బాక్సులు, బాత్‌రూమ్ పైపులు దూరడానికి స్లీవులు ముందే కూర్చుంటాయి. ఆ ఖాళీలోకి కాంక్రీట్ పంపు చేస్తే గోడలు, స్లాబ్ ఏకశిలగా తయారవుతాయి. గట్టిపడ్డాక పలకలు విప్పి, స్లాబ్‌లో అందుకోసమే వదిలిన కంతల్లోంచి చేత్తోనే పై అంతస్తుకు అందిస్తారు. చదరపు మీటరు పలక బరువు పాతిక కిలోలకు అటూఇటూ ఉంటుంది కాబట్టి క్రేన్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. పని కుదురుకున్న సైట్లో వారం, పది రోజులకో అంతస్తు లేస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాల శివార్లలో కనిపించే ప్రభుత్వ టిడ్కో ఇళ్లు ఇలా గోడా స్లాబూ కలిపి పోసే షియర్‌వాల్ పద్ధతిలో కట్టినవే. జీ ప్లస్ త్రీ బ్లాకులు. 300, 365, 430 చదరపు అడుగులు, మూడే రకాలు. కేంద్రం 2021లో లైట్‌హౌస్ ప్రాజెక్టుల పేరుతో ఆరు నగరాల్లో ఆరు రకాల టెక్నాలజీలను మొదలుపెట్టినప్పుడు రాజ్‌కోట్‌లో 1,144 ఇళ్లకు టన్నెల్ ఫార్మ్ ఎంచుకున్నారు. అదీ ఈ కుటుంబానిదే. అయితే అందులో గోడ, స్లాబ్ అచ్చులు కలిసి పెద్ద స్టీలు పెట్టెల్లా ఉంటాయి, వాటిని లేపడానికి క్రేన్ తప్పదు.

టిడ్కోలో మూడే రకాలు ఎందుకన్న దాంట్లోనే ఈ వ్యాపారం గుట్టు ఉంది. ఇంటిని అచ్చులో పోయాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇల్లు మొత్తాన్ని ఇనుప అచ్చుల్లో ఒకే పోతగా పోసే పద్ధతికి థామస్ ఎడిసన్‌కు 1917లో పేటెంట్ వచ్చింది. న్యూజెర్సీలోని యూనియన్‌లో అలా కట్టిన ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఇళ్లు నిలిచాయి కానీ వ్యాపారం నిలవలేదు. ఒక్క ఇంటి అచ్చులోనే రెండు వేలకు పైగా ముక్కలు, వాటి బరువు, వాటి ఖరీదు! అంత పెట్టుబడి వెనక్కి రావాలంటే ఆ ఇంటినే వందల సార్లు పోయాలి. అన్ని ఆర్డర్లు ఆయనకు రాలేదు. ఇవాళ్టి అల్యూమినియం సెట్‌కూ లెక్క అదే. ప్లైవుడ్ పది పోతలకు అరిగిపోతే, జాగ్రత్తగా వాడిన అల్యూమినియం పలక వంద పోతలు దాటుతుంది. కానీ కొనేటప్పుడు ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి ఒకే ప్లాన్ మళ్లీ మళ్లీ వచ్చే చోటే ఈ పని దొరుకుతుంది: ఎత్తయిన అపార్ట్‌మెంట్లు, ప్రభుత్వ గృహ సముదాయాలు, ఒకే నమూనా విల్లాల వరసలు. మీ ఊళ్లో ఒక్కో ఇల్లూ ఒక్కో తీరుగా కట్టించుకునేవాళ్ల దగ్గర ఈ విద్యతో పని ఉండదు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు నగరానికో, ఊరూరూ మారడానికో సిద్ధపడే రావాలి.

పోతకు ముందు రోజు

తడి కాంక్రీట్ ఘనపు మీటరుకు దాదాపు 2,500 కిలోలు. గోడ 2.8 మీటర్ల ఎత్తు ఉండి, పై దాకా గబగబా నింపేస్తే అడుగున పలక మీద చదరపు మీటరుకు ఏడు టన్నుల ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడిని ఆపేది రెండు పలకలను కలిపి పట్టుకునే టైలు, పలకను పలకకు బిగించే వేలెడంత పిన్నులు, వాటిలో సుత్తితో కొట్టే వెడ్జిలు. నాలుగు వెడ్జిలు వదులుగా ఉంటే చాలు, గోడ పొట్ట వస్తుంది. అతుకు సందు తెరుచుకుంటే సిమెంట్ పాలు కారిపోయి, అక్కడ కంకర పళ్లు బయటపడతాయి. ఇటుక గోడ వంకర వస్తే మేస్త్రీ విప్పి మళ్లీ కడతాడు. ఇక్కడ విప్పడానికేమీ ఉండదు, బ్రేకర్ పెట్టి కొట్టాల్సిందే.

అందుకే ముందు రోజు తనిఖీయే అసలు ఉద్యోగం. గది రెండు కర్ణాలూ టేపుతో కొలిచి సమానంగా ఉన్నాయా చూడాలి. తేడా ఉంటే గది చదరం కానట్టే, రేపు టైల్స్ వేసేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఇనుముకు కవర్ బ్లాకులు ఉన్నాయా, పలకలకు పూసిన ఆయిల్ కమ్మీల మీద పడిందా, కిటికీ మూలల్లో ఏటవాలు కమ్మీలు కట్టారా (లేకపోతే ఆ మూలల నుంచే పగులు మొదలవుతుంది), స్విచ్ బాక్సుల నోళ్లు మూశారా, పైపులు వంగిన చోట నలిగాయా, బాత్‌రూమ్ స్లాబ్ పల్లం సరిపోయిందా, స్లాబ్‌కు ఊతమిచ్చే ప్రాపులు నిట్టనిలువుగా ఉన్నాయా... ఒక్కోటి చూసి చెక్‌లిస్టు మీద సంతకం పెట్టాలి. కరెంటు బాక్సు ఒకటి మర్చిపోతే ఆ తప్పు పై అంతస్తులన్నిటికీ పాకే అవకాశం కూడా ఉంది, ఎందుకంటే అందరూ కింది అంతస్తు చూసే పైది బిగిస్తారు.

విప్పే సమయం ఇంకో పరీక్ష. సాధారణ సిమెంట్, మామూలు వాతావరణం అయితే గోడలు, కాలమ్‌ల పక్క పలకలకు 16 నుంచి 24 గంటలు అంటుంది కాంక్రీట్ పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000. స్లాబ్ అడుగు పలకలకు మూడు రోజులు, అదీ తీసిన వెంటనే ప్రాపులు తిరిగి పెట్టేటట్టయితేనే. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుల కింద ప్రాపులు ఏడు రోజులు ఉండాలి. అల్యూమినియం పద్ధతిలో తెలివైన ఏర్పాటు ఏమిటంటే ప్రాపు తల స్లాబ్‌కు ఆనుకునే ఉంటుంది, చుట్టుపక్కల పలకలు మాత్రం ఊడి వస్తాయి. ప్రాపును కదిలించనక్కర్లేదు. షెడ్యూల్ వెనకబడిన సైట్లో ఈ ఏడు రోజుల మీదే ఒత్తిడి వస్తుంది. ‘ఇంకో అంతస్తు నుంచి ప్రాపులు లాగేయండి’ అని పైనుంచి ఫోన్ వచ్చినప్పుడు కాదనగలగాలంటే నియమం నోటికి రావాలి, కాంక్రీట్ బలం చెప్పే క్యూబ్ టెస్టు ఫలితం చేతిలో ఉండాలి. ఇంటర్వ్యూల్లో కూడా సాఫ్ట్‌వేర్ల కంటే ముందు ఇవే అడుగుతారు.

ఎవరికి ఏ దారి

టెన్త్, ఐటీఐ వాళ్లకు షట్టరింగ్ కార్పెంటర్, బార్ బెండర్ పనులు తలుపు తీస్తాయి. మామూలు సెంట్రింగ్ తెలిసిన మేస్త్రీ ఈ పని త్వరగానే పట్టేస్తాడు గానీ, ఒక అలవాటు మానుకోవాలి. ఇక్కడ చెక్క కోసి సర్దుకోవడం కుదరదు. ప్రతి పలకకూ నంబరు ఉంటుంది, డ్రాయింగ్‌లో ఆ నంబరు ఎక్కడ ఉంటే అక్కడే పెట్టాలి. డ్రాయింగ్ చదవగలిగే కార్పెంటర్ త్వరగా ఫోర్‌మన్ అవుతాడు, చదవలేనివాడు పదేళ్లయినా పలకలు మోస్తూనే ఉంటాడు. నిర్మాణ రంగ నైపుణ్య మండలి కోర్సుల్లో ‘షట్టరింగ్ కార్పెంటర్ – సిస్టమ్’ అనే విభాగం ఇలాంటి పనికోసమే. హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తోంది. ఎల్ అండ్ టీ నిర్మాణ నైపుణ్య శిక్షణ కేంద్రాల్లో కూడా ఫార్మ్‌వర్క్ కార్పెంటరీ నేర్పుతారు. చేరే ముందు ఒక్కటి కనుక్కోండి: వర్క్‌షాప్‌లో నిజం పలకలతో గది బిగించి విప్పిస్తారా, లేక బొమ్మలు చూపించి సర్టిఫికెట్ ఇస్తారా?

ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లు, ప్లంబర్లు ఈ సంగతి పట్టించుకోరు గానీ, వాళ్లకు ఇక్కడ మంచి గిరాకీ ఉంది. గోడ పోశాక గాడి కొట్టే వీలు లేదు కాబట్టి పైపు వేసేవాడు కాంక్రీట్‌కు ముందే అన్నీ ఊహించి పెట్టాలి. ఫ్యాన్ హుక్, ఏసీ డ్రెయిన్, ఇంటర్నెట్ వైరు దారి, గీజర్ పాయింట్ అన్నీ. అలా ముందుచూపుతో చేసే ఎలక్ట్రీషియన్‌ను కాంట్రాక్టర్ ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కు వెంటబెట్టుకు వెళ్తాడు.

పాలిసెట్ రాసి డిప్లొమా సివిల్ చేసినవాళ్లకు సైట్ సూపర్‌వైజర్, క్వాలిటీ అసిస్టెంట్ పోస్టులు. నా మటుకు నేను ఈ రంగానికి డిప్లొమాయే సరైన మెట్టు అంటాను. పంతొమ్మిదేళ్లకు సైట్లో అడుగుపెట్టి రెండు మూడు టవర్లు చూశాక, కావాలనుకుంటే ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అప్పుడు స్ట్రక్చర్స్ క్లాసులో షియర్‌వాల్ అనగానే కళ్ల ముందు గోడ కనిపిస్తుంది. చదువు అవ్వగానే ఖాళీగా ఉండకుండా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో నమోదు చేసుకుంటే ఏడాది స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు.

బీటెక్ వాళ్ల ముందు మూడు బాటలున్నాయి. సైట్ ఎగ్జిక్యూషన్, ప్లానింగ్, ఫార్మ్‌వర్క్ డిజైన్. మొదటిది అందరికీ తెలిసిందే. ప్లానింగ్‌లో ప్రిమవేరా, ఎంఎస్ ప్రాజెక్ట్ వచ్చి ఉండాలి. ఈ పద్ధతిలో ప్లానింగ్ అంటే గంటల లెక్క: ఈ సాయంత్రం ఇనుము పూర్తి, రేపు మధ్యాహ్నం పలకలు, ఎల్లుండి పొద్దున పోత. నిర్మాణ నిర్వహణలో పీజీ చేయాలనుకునేవాళ్లకు శామీర్‌పేట దగ్గర నిక్‌మార్ ఉంది. డిజైన్ ఆఫీసు ఉద్యోగం గురించి మన కాలేజీల్లో పెద్దగా మాట్లాడుకోరు. ఆర్కిటెక్ట్ ప్లాన్ తీసుకుని దాన్ని వందలాది పలకలుగా విడదీసి, మూలలు, దూలాలు, మెట్లు, సన్‌షేడ్‌లు అన్నీ ఏ వరుసలో బిగించాలో, ఏ వరుసలో విప్పాలో నిర్ణయించే పని అది. ఆటోక్యాడ్, రివిట్ బాగా రావాలి. పలకల సెట్ ఫ్యాక్టరీలోనే ఒకసారి బిగించి చూసి, నంబర్లు వేసి లారీ ఎక్కిస్తారు. బిగించడం అందరూ గీస్తారు, విప్పేటప్పుడు పలక ఇరుక్కోకుండా గీసేవాడికే పేరు వస్తుంది. అందుకే డిజైన్‌లోకి వెళ్లాలనుకున్నా ముందు కొన్నాళ్లు సైట్లో ఉండిరండి. కాలేజీలో ఉండగానే ఐఎస్ 456తో పాటు ఫాల్స్‌వర్క్ మీద ఉన్న ఐఎస్ 14687:1999 కూడా ఒకసారి తిరగేయండి. సిలబస్‌లో లేదని వదిలేసేవాళ్లే ఎక్కువ.

బయటి దేశాలు

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో షట్టరింగ్ కార్పెంటర్లు కొత్త కాదు. ఇజ్రాయెల్ 2024లో మన దేశం నుంచి నిర్మాణ కార్మికులను తీసుకున్నప్పుడు అడిగిన నాలుగు పనుల్లో షట్టరింగ్ ఒకటి, మిగతావి ఇనుము వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్. నెలకు దాదాపు 1.37 లక్షల రూపాయలని ప్రకటించారు. చేత్తో పని చేయించి చూసి ఎంపిక చేశారు, మాటలతో కాదు. అయితే అది యుద్ధ వాతావరణం ఉన్న దేశమని ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడుకోకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు.

విదేశీ ఉద్యోగాలకు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. ప్రైవేటు ఏజెంటు ద్వారా వెళ్తే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ చూసుకోండి. ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగేవాడి గడప తొక్కకండి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) కోవ కింద వస్తుంది. వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి.

చేరే ముందు

సైట్ జీవితం సుఖమైనదేమీ కాదు. పోత మొదలయ్యాక మధ్యలో ఆపితే పాత కాంక్రీట్‌కు కొత్తది సరిగా అతుక్కోక కోల్డ్ జాయింట్ పడుతుంది కాబట్టి అర్ధరాత్రి దాటినా నిలబడాల్సిందే. ఎండాకాలంలో అల్యూమినియం పలక చేత్తో పట్టుకోనివ్వదు. బయటి గోడ పనికి నిలబడే బ్రాకెట్లు నిన్నగాక మొన్న పోసిన కింది అంతస్తు గోడకే బిగిస్తారు. హార్నెస్ లేకుండా అక్కడ నిలబడమనే సైట్లో ఒక్క రోజు కూడా ఉండొద్దు. కొత్తగా చేరే డిప్లొమా, బీటెక్ వాళ్లకు మొదటి జీతం చూసి నిరుత్సాహం కలగొచ్చు. కార్పెంటర్లకు చదరపు మీటరు లెక్కన ఇచ్చే చోట చేయి తిరిగిన జట్టుకు మంచి రాబడి ఉంటుంది, కొత్తవాళ్ల జట్టు నష్టపోతుంది. రోజు కూలీయా, కొలత లెక్కా ముందే తేల్చుకోవాలి.

18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లెవరైనా రాష్ట్ర నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఆ బోర్డులకు డబ్బు నిర్మాణాల మీద వేసే సెస్ నుంచి వస్తుంది. లేబర్ కాంట్రాక్టర్ చేయిస్తాడని కూర్చోకుండా కార్డు మీ చేతికి వచ్చేదాకా వెంటపడండి.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా’ అంటారు కదా, అప్పుడు ఈ ప్రాజెక్టులో ఇంకా ఎన్ని అంతస్తులు పోయాల్సి ఉందో అడగండి. ఇదే ఆఖరి టవర్ అయితే అల్యూమినియం సెట్ తర్వాత ఏ ఊరు వెళ్తుందో, దాంతోపాటు మిమ్మల్నీ పంపిస్తారో లేదో కూడా అక్కడే కనుక్కుని చేరండి.