నెలకొక పుస్తకం



నేను నెలకొక తెలుగు పుస్తకం చదువుతాను. చదవడం పూర్తయిన రోజున ఒక నోటు పుస్తకంలో అర పేజీ రాసుకుంటాను. కథ ఏమిటో అందులో రాయను. కథ కావాలంటే పుస్తకమే ఉన్నది కదా! చదువుతూ ఉండగా నా మనసు ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో రాస్తాను. మీరు కూడా ఇలాంటి నోటు పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. అందుకని నా పుస్తకంలోని మూడు నెలల సంగతులు ఇక్కడ చెబుతాను.

జనవరిలో ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' చదివాను. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పని చేశారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లారు. కలకత్తా చూసి, తూర్పు సముద్రతీరం వెంబడి తిరిగి వచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అప్పటికి భారతదేశంలో రైళ్లు లేవు. ఏ ఊరిలో బస చేశారో, అక్కడ మంచినీళ్లు దొరుకుతాయో లేదో, అంగళ్లు ఉన్నాయో లేవో, దారి ఎలాంటిదో ఏ రోజుకారోజు రాశారు. నిజం చెప్పాలంటే, మొదటి వారం నాకు విసుగు వేసింది. భాష కూడా పాతది. తరువాత ఒక పటం పక్కన పెట్టుకుని, ఆయన ఆగిన ఊళ్ల మీద పెన్సిలుతో చుక్కలు పెడుతూ చదివాను. చుక్కలు శ్రీకాకుళం దాటి విశాఖపట్నం చేరేసరికి విసుగు ఎటు పోయిందో తెలియదు.

మన ఇళ్లలో కొలిచే సింహాద్రి అప్పన్న కొండ ఆ విశాఖపట్నం పక్కనే ఉన్నది. 1834 నుండి చెరకు తోటలలో పని చేయడానికి భారతదేశపు కూలీలను మారిషస్‌కు పెద్ద సంఖ్యలో తీసుకురాసాగారు. మన పూర్వులలో చాలామంది ఆ తీరపు జిల్లాల నుండే వచ్చారు. వాళ్లు ఊరు విడవడానికి కొన్ని ఏళ్ల ముందు ఆ దారులు ఎలా ఉండేవో ఒకాయన చూసి రాసిపెట్టారు! మా తాతగారి తాతకు చదువు రాదు. తన ఊరి గురించి ఆయన ఒక్క మాట కూడా రాసిపెట్టలేదు. వీరాస్వామయ్య గారు పల్లకిలో వెళ్లారు. ఆ పల్లకి మోసిన బోయీలు పుస్తకం రాయలేదు. మనవాళ్లు పల్లకిలో కూర్చున్నవారి కంటె దానిని మోసినవారికే దగ్గరివారు. ఆ నెల నా నోటు పుస్తకంలో ఉన్నది ఈ ఒక్క సంగతే.

ఫిబ్రవరిలో 'ఏడు తరాలు' చదివాను. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో ప్రచురించిన పుస్తకానికి ఇది సహవాసి గారి తెలుగు అనువాదం. ఆఫ్రికాలోని గాంబియాలో కుంటా కింటే అనే యువకుణ్ణి పట్టుకుని, ఓడలో వేసి, అమెరికాలో బానిసగా అమ్ముతారు. అతడు తన కూతురికి తన భాషలోని కొన్ని మాటలు నేర్పుతాడు. నదిని చూపి ఒక మాట, వాద్యాన్ని చూపి ఒక మాట. కూతురు వాటిని తన కొడుకుకు చెబుతుంది. అలా ఏడవ తరం దాకా వచ్చిన ఆ మాటలను పట్టుకుని రచయిత ఆఫ్రికాలో తన పూర్వుల ఊరు వెతుక్కుంటూ వెళతాడు. ఇందులో కల్పన పాలు ఎక్కువేనని తరువాత పరిశోధించినవారు చూపించారు. అయినా ఆ మాటల సంగతి నన్ను విడిచిపెట్టలేదు. మనం ఇంట్లో క్రియోల్ మాట్లాడుకుంటాము. అయినా రామభజనం, అమ్మోరు పండుగ అన్నవి మనకు ఇప్పటికీ తెలుగు మాటలే. మా ఇంట్లో ఇలాంటివి ఎన్ని మిగిలాయో ఒక ఆదివారం కూర్చుని లెక్కపెట్టాను. 23 వచ్చాయి.

ఇక్కడ ఒక తేడా మరచిపోకూడదు. మనవాళ్లు ఒప్పందం మీద వచ్చారు. ఎన్నో కష్టాలు పడ్డారు. కాని పేర్లు, దేవుళ్లు వారి వెంట వచ్చాయి. కుంటాకు పేరు కూడా మిగల్చలేదు. టోబీ అని మార్చారు. మన ద్వీపంలో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. అందుకే ఆ రోజు మనకు సెలవు. మన పూర్వుల రాకను తలచుకునే సెలవు నవంబరు 2న వస్తుంది. తరగతిలో మీ పక్కన కూర్చునే స్నేహితుని పూర్వులది కుంటా కథ వంటిదే కావచ్చు. అవే చెరకు తోటలలో మొదట వాళ్లు, తరువాత మనవాళ్లు పని చేశారు.

మార్చిలో మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టరు పార్వతీశం' పట్టుకుని హాయిగా నవ్వుకున్నాను. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుకోసం ఇంగ్లండుకు బయలుదేరి, దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కుంటాడు! సముద్రం దాటినవారందరూ ఏడుస్తూనే దాటలేదని రాసుకున్నాను.

కిందటి సంవత్సరం ఒక అమ్మాయి ఒక కథ చదివి, "చాలా బాగున్నది" అని రాసి ఇచ్చింది.

"ఏది బాగున్నదమ్మా?" అని అడిగాను.

"అంతా, గురువుగారూ" అన్నది.

మరునాడు మళ్లీ వచ్చింది. "గురువుగారూ, నాకు నిజంగా నచ్చలేదు. ఆ కథలో చెల్లెలు ఎన్నిసార్లు అడిగినా ఎవ్వరూ జవాబు చెప్పరు" అన్నది.

"అదే రాయి" అన్నాను. రాసింది. రెండే వాక్యాలు. తరగతిలో చదివి వినిపిస్తే అరగంట సేపు అందరూ వాదించుకున్నారు.

పదాలు: దుబాసీ – ఒకరి భాషలోని మాటను మరొకరికి వారి భాషలో చెప్పేవాడు. బస – ప్రయాణంలో ఆగి ఉండే చోటు. అంగడి – దుకాణం. బోయీ – పల్లకి మోసేవాడు.

అభ్యాసం: మీ ఇంట్లో ఇప్పటికీ వాడే తెలుగు మాటలను పెద్దవారిని అడిగి రాయండి. ఒక్కొక్క మాట ఎవరి నోట విన్నారో దాని పక్కనే రాయండి.