దించడం ఎలా? మోనాలిసా నుంచి ల్యాబ్ రికార్డు దాకా

పోయిన సెమిస్టర్‌లో డేటా స్ట్రక్చర్స్ రికార్డుని ఒక సీనియర్ రికార్డు చూసి దించేశాను. ప్రోగ్రామ్ దించాను, అవుట్‌పుట్ దించాను. అవుట్‌పుట్‌లో అతను ఇచ్చుకున్న సొంత రోల్ నంబరు కూడా దించాను. వైవాలో మేడమ్ దాని మీద వేలు పెట్టి "ఇది నీ నంబరేనా?" అని అడిగారు. నిజం చెప్పాలంటే నేను దాన్ని చూడటం అప్పుడే మొదటిసారి. రాసింది నా చెయ్యే, కానీ నా కళ్ళు చూడలేదు.

ఆ సెలవుల్లోనే ఇంకో రకం కాపీ నేర్చుకున్నా. నరసరావుపేటలో మా వీధి చివర ఒక ఆర్టిస్ట్ బాబాయి ఉన్నాడు. ఒకప్పుడు షాపుల బోర్డులు, ఎలక్షన్లప్పుడు గోడల మీద గుర్తులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ఎవరైనా ఫొటో ఇస్తే ఆయిల్ పెయింట్‌లో వేసిస్తాడు. ఆయన గదిలో మోనాలిసా ఉంది, ఆయన చేత్తో వేసిందే. "నాకూ నేర్పు బాబాయ్" అంటే, "ముందు చూడ్డం నేర్చుకో అబ్బాయ్, రంగులు తర్వాత" అన్నాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది.

1. గళ్ళు: ప్రింట్ మీద 1 సెంటీమీటరు గళ్ళు గీస్తే, కాన్వాస్ మీద 3 సెంటీమీటర్ల గళ్ళు గీయాలి. బొమ్మ మూడింతలవుతుంది. ముఖం అని చూడకూడదు. ఒక గడిలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ దాటుతోందో అంతే చూడాలి. "ముక్కు" అనుకుంటే మన బుర్రలో ఉన్న ముక్కు వేసేస్తాం, అక్కడున్నది వెయ్యం.

2. అడుగు పొర: ముందు ఒకే రంగులో వెలుగు నీడలు వేసుకోవాలి. తర్వాతే అసలు రంగులు.

3. పై పొరలు: ఆయిల్ రంగుల్లో ఉండేది అవిసె నూనె. అది నీళ్ళలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. అందుకే కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పై పొర ముందే గట్టిపడి, కింది పొర ఇంకా కదులుతూ ఉంటుంది. బొమ్మ పగులుతుంది. మోనాలిసా పెదవుల చివర గీత కనపడకపోవడానికి కారణం కూడా ఇలాంటి పలచటి పొరలే.

ఇక కాపీల్లో రారాజు కథ. రఫేల్ 1518 ప్రాంతంలో పోప్ పదో లియో బొమ్మ వేశాడు. కొన్నేళ్ళకి మాంటువా పాలకుడు ఆ బొమ్మ తనకి కావాలన్నాడు. ఇవ్వమని అప్పటి పోప్ ఆర్డర్ వేశాడు. ఫ్లోరెన్స్‌లో దాన్ని చూసుకునే ఒత్తావియానో దె మెదిచికి ఇవ్వడం ఇష్టం లేదు. ఆంద్రియా దెల్ సార్తో అనే చిత్రకారుడితో గుట్టుగా కాపీ వేయించి, కాపీనే పంపాడు. చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్పిన సంగతి ఇది: దెల్ సార్తో ఆ బొమ్మ మీద మురికి మరకలు కూడా దించాడట! అసలు బొమ్మకి పనిచేసిన రఫేల్ శిష్యుడు జూలియో రొమానోనే గుర్తుపట్టలేకపోయాడు. వసారి నిజం చెప్పాక, ఒక మనిషి చేతిని ఇంకొకడు ఇంతలా అందుకోవడం గొప్ప అని మెచ్చుకున్నాడట.

అతను మరకలు దించాడు, నేను రోల్ నంబరు దించాను. తేడా ఏంటంటే, ప్రతి మరక ఎక్కడుందో అతనికి తెలుసు.

ఇంకో కాపీ మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. మోనాలిసాదే. వెనక అంతా నల్లరంగు పూసి ఉండటంతో చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2012లో ఆ నలుపు తీసేస్తే కొండలు, దారులు బయటపడ్డాయి. ఇన్‌ఫ్రారెడ్‌తో చూస్తే, లియొనార్డో తన బొమ్మ అడుగున చేసుకున్న దిద్దుబాట్లే ఇందులోనూ ఉన్నాయి. అయిపోయిన బొమ్మని చూసి దించితే దిద్దుబాట్లు రావు కదా! అంటే ఒక శిష్యుడు గురువు పక్కనే కూర్చుని, ఆయన మార్చినప్పుడల్లా తనూ మార్చాడన్నమాట. మన భాషలో చెప్పాలంటే ఫైనల్ కోడ్ ఒక్కటే కాదు, కమిట్ హిస్టరీ మొత్తం కాపీ అయింది. పారిస్ బొమ్మలో ఇప్పుడు మనకి కనపడని కనుబొమ్మలు ఈ కాపీలో కనపడతాయి.

మరి కాపీకి, మోసానికి గీత ఎక్కడ? పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో పర్మిషన్ తీసుకుని ఎవరైనా కాపీలు వేసుకోవచ్చు. రెండు షరతులు: సైజు అసలుదానికంటే ఐదో వంతు పెద్దదో చిన్నదో అయి ఉండాలి, అసలు చిత్రకారుడి సంతకం దించకూడదు. చేతిపని ఎంతైనా దించుకో, పేరు మాత్రం దించకు అని.

నా మోనాలిసా ఇంకా ఆరలేదు. ఎడమ కన్ను కొంచెం కిందికి జారింది. బాబాయి చూసి "ఎవురో మాచర్ల అమ్మాయిలా ఉందిరా" అని నవ్వాడు.

తర్వాత ఆ పాత రికార్డు తీసి, సీనియర్ లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్‌ని గడి గడి చూసినట్టు లైను లైను చదివాను. ఎందుకు రాశాడో తెలిశాక పుస్తకం మూసి, నా అంతట నేను రాశాను. అప్పుడు దొరికింది: మొదటి నోడ్‌ని డిలీట్ చేస్తే అతని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. హెడ్‌ని మార్చడం మర్చిపోయాడు. ఆ తప్పు నా రికార్డులోనూ ఉంది, నా చేతిరాతతో. మీ రికార్డు కూడా ఒకసారి తీసి చూసుకోండి.