వంశవృక్షానికి కొత్త ఇల్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గొడవ. నలుగురూ సరదాపడి మొదలుపెట్టి, ఆ తర్వాత ఒక్కరే ఏళ్లతరబడి మోసిన వంశవృక్షం సైట్లను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మార్చడం ఎలాగని. జీతం బత్తెం లేని పని కాబట్టి మార్చడానికీ మనుషులను పెట్టుకోలేరు. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారికి ఇవే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా ఇంటిపేరు వాళ్ల వంశవృక్షం సైట్‌ను మా బావగారు 2009 నుంచి నడిపారు. ఏడు తరాలు, దాదాపు రెండు వేల పేర్లు. పోయినేడు ఆయన కాలం చేశారు. ఆ సర్వర్‌ను ఆపేస్తున్నామని, నలభై అయిదు రోజుల్లో ఖాళీ చేయమని ఇప్పుడు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కొత్తగా ఎవరి దగ్గర తీసుకుంటే మంచిది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ సంగతి ఆఖర్న చూద్దామమ్మా. సర్వర్ డబ్బిస్తే దొరికే వస్తువు. ముందు మీ అక్కయ్యగారికి ఫోన్ చేసి, బావగారి సిమ్ ఇంకా బతికే ఉందా అని అడగండి. ఉంటే ఈరోజే రీచార్జ్ చేయించండి. ఆయన ఈమెయిల్ తెరవాలన్నా, సైట్ ఖాతాలోకి వెళ్లాలన్నా ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. మనిషి పోయాక నెలనెలా రీచార్జ్ దండగని సిమ్ వదిలేసిన ఇళ్లు నేను రెండు చూశాను. రెండు చోట్లా సైట్ చేతికి రాలేదు.

సైట్‌కు రెండు బిల్లులుంటాయి. హోస్టింగ్ అంటే అద్దె ఇల్లు, డొమైన్ అంటే చిరునామా. మీకు వచ్చిన నోటీసు ఇంటికి సంబంధించింది. చిరునామా వేరే కంపెనీ దగ్గర, వేరే గడువుతో ఉండొచ్చు. హోస్టింగ్ పోతే ఇంకోటి తీసుకోవచ్చు. డొమైన్ గడువు దాటి, విడిపించుకునే వ్యవధి కూడా దాటిపోతే మాత్రం ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు మీ తాతగారి ఫొటో ఉండాల్సిన చోట రమ్మీ ప్రకటన ఉంటుంది. హూయిజ్ అనే వెతుకులాట సేవలో మీ సైట్ పేరు కొట్టి చూడండి. 2018లో యూరప్ గోప్యతా చట్టం అమలైనప్పటి నుంచి అందులో సొంతదారు పేరు చాలావరకు కనిపించడం లేదు. కానీ డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర, అంటే ఏ డొమైన్ కంపెనీ దగ్గర ఉందో, గడువు ఎప్పటికో కనిపిస్తాయి. మీకు అవి చాలు. అక్కయ్యగారి చేత ఆ రిజిస్ట్రార్‌కు రాయించండి. మరణ ధ్రువపత్రం, సంబంధం తెలిపే కాగితం సిద్ధంగా పెట్టుకోండి.

లోపలికి దారి దొరికిన రోజే కాపీ తీయాలి. ఒకటి కాదు, మూడు తీయాలి. మొదటిది ఎఫ్‌టీపీతో ఫైళ్లన్నీ, ఫొటోలతో సహా. రెండోది డేటాబేస్ డంప్, అంటే పట్టికలన్నీ ఒకే ఫైలుగా. మూడోది జెడ్‌కామ్ ఫైలు. వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లన్నీ అర్థం చేసుకునే ఈ పద్ధతిని అమెరికాలోని మార్మన్ చర్చి 1984లో తయారుచేసింది. ఇది ఉంటే రేపు ఏ సాఫ్ట్‌వేర్‌లోకైనా మారొచ్చు. చాలామంది జెడ్‌కామ్ ఒక్కటి తీసుకుని అంతా వచ్చేసిందని నిశ్చింతగా ఉంటారు. పేర్లు, తేదీలు, ఎవరికెవరు ఏమవుతారన్నది అందులో ఉంటుంది గానీ ఫొటోలుండవు. ఫొటో ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. ఫొటోలను కూడా కలిపి మూటకట్టే వీలు 2021లో వచ్చిన 7వ వెర్షన్‌తోనే మొదలైంది. బావగారి సైట్ దానికన్నా పన్నెండేళ్లు పెద్దది.

నలభై అయిదు రోజులున్నాయి కదా అనుకోకండి. 2009 అక్టోబరులో యాహూ జియోసిటీస్‌ను మూసేసింది. నెలల ముందే చెప్పి మూసినా ఎన్నో కుటుంబ చరిత్రల పేజీలు దాంతోపాటే పోయాయి. వాటిని పెట్టినవాళ్లలో కొందరు అప్పటికే లేరు, కొందరికి పాస్‌వర్డ్ గుర్తులేదు.

ప్రశ్న: ఖర్చు లేకుండా ఉచిత హోస్టింగ్‌లో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొత్త పేర్లు ఎక్కించే పని ఇక లేదనుకుంటే పెట్టుకోవచ్చు. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి మీ జెడ్‌కామ్ ఎక్కిస్తే, డేటాబేస్ అక్కర్లేని మామూలు పేజీలుగా సైట్ మొత్తం తయారుచేసి ఇస్తుంది. వాటిని ఎక్కడైనా పెట్టుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌లోనైనా. చుట్టాలు లాగిన్ అయి పేర్లు చేర్చాలంటే మాత్రం డబ్బు పెట్టడమే మేలు. చుట్టాలంతా తలా కొంత వేసుకుంటే, పెళ్లి భోజనాల్లో ఒక విస్తరి ఖర్చును వందమంది పంచుకున్నట్టే. అడిగి చూడండి, ఇస్తారు.

ప్రశ్న: సైట్‌ను కొత్త సర్వర్‌లోకి ఎక్కించాను. ఇంగ్లిష్ పేర్లు బాగానే ఉన్నాయి. తెలుగు పేర్లన్నీ పిచ్చిగీతలయ్యాయి. పాత చోట ఇప్పటికీ చక్కగా కనిపిస్తున్నాయి. నేనేం తప్పు చేశాను?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ పిచ్చిగీతలను ఒకసారి తేరిపార చూడండి. నెత్తిన చిన్న గీత ఉన్న లాటిన్ 'ఎ', పక్కన డిగ్రీ గుర్తో ప్లస్‌మైనస్ గుర్తో, ఆ పక్కన ఇంకేదో, మళ్లీ అదే వరస. అలా ఉంటే ఊపిరి పీల్చుకోండి, మీ తెలుగు లోపల భద్రంగానే ఉంది. అలాకాక వట్టి ప్రశ్నార్థకాలు బారులు తీరి ఉంటే ఆ కాపీ పనికిరాదు, పాత సర్వర్ నుంచి మళ్లీ తీయాల్సిందే.

ఆ వరస ఎందుకొచ్చిందంటే, యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 128 గళ్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో గడికి మూడు బైట్లు పడతాయి. అందులో మొదటి బైటు తెలుగంతటికీ ఒకటే. రెండోది రెండింటిలో ఏదో ఒకటి. లాటిన్ కళ్లతో చదివితే మొదటిది గీత పెట్టిన 'ఎ'గా, రెండోది డిగ్రీగానో ప్లస్‌మైనస్‌గానో కనిపిస్తుంది.

ఇక లాటిన్ కళ్లు ఎవరివంటారా? మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌వి. 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా ప్రత్యేకంగా చెప్పకపోతే అది అక్షరాలను లాటిన్-1గా, స్వీడిష్ అక్షరక్రమంలో దాచుకునేది. దాన్ని చేసిన కంపెనీ స్వీడన్‌ది మరి. గోదావరి జిల్లా ఇంటిపేర్లను స్వీడిష్ వరసలో పేర్చిన డేటాబేస్‌లు మన ఊళ్లలో ఇప్పటికీ బోలెడున్నాయి. పాత సర్వర్‌లో వెబ్‌సైట్ తెలుగు బైట్లు ఇచ్చింది, డేటాబేస్ అవేమిటో తెలియకుండానే దాచి, అడిగినప్పుడు అలాగే తిరిగిచ్చింది. ఇద్దరి అజ్ఞానమూ సరిపోయి బండి నడిచింది. మీరు డంప్ తీసినప్పుడు ఆ 'లాటిన్'ను నిజమనుకుని అది మరోసారి యూటీఎఫ్-8లోకి మార్చింది. తప్పు మీది కాదు.

మందు ఇది. పాత సర్వర్‌లో డంప్ మళ్లీ తీయండి. ఈసారి డంప్ అక్షరపద్ధతి లాటిన్-1 అని ఆదేశంలోనే చెప్పండి, అప్పుడు బైట్లను కదిలించదు. ఆ ఫైలును మంచి టెక్స్ట్ ఎడిటర్‌లో యూటీఎఫ్-8గా తెరవండి. తెలుగు తెలుగులా కనిపించాలి. కనిపిస్తే, ఫైలు లోపల లాటిన్-1 అని ప్రకటించిన ప్రతిచోటా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చి, కొత్త సర్వర్‌లోకి ఎక్కించండి.

అంతా అయ్యాక పొడుగు పేర్లు చూడండి. పేరుకు ముప్ఫై బైట్ల చోటు పెట్టిన పాత పట్టికలో తెలుగు పది గళ్లే పడతాయి. సత్యనారాయణ సరిగ్గా పడుతుంది. వెంకటసత్యనారాయణ 'వెంకటసత్యన' దగ్గర ఆగిపోతాడు. ఇది మార్పిడి వల్ల జరిగింది కాదు, ఏనాడో తెగిపోయింది. ఇప్పుడు కనిపించింది కాబట్టి కాగితాలు చూసి సరిచేయండి. అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత పేజీలుంటే వాటి కథ వేరు. అవి అసలు తెలుగు కాదు, తెలుగు వేషం వేసిన ఇంగ్లిష్ అక్షరాలు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ, మార్చాక ఒత్తులు ఒక్కొక్కటీ చూసుకోవాలి.

ప్రశ్న: పేజీ తెరిస్తే వట్టి తెల్ల తెర. కొన్ని ఫొటోలు కూడా రావడం లేదు.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: తెల్ల తెరకు మొదటి అనుమానితుడు పీహెచ్‌పీ వెర్షన్. పాత సాఫ్ట్‌వేర్లు డేటాబేస్‌తో మాట్లాడే పాత పద్ధతిని 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7 పూర్తిగా తీసేసింది. పాత పీహెచ్‌పీ కావాలని కంపెనీని బతిమాలకండి, సాఫ్ట్‌వేర్‌నే కొత్త వెర్షన్‌కు మార్చండి. ఫొటోల సంగతి: పాతది విండోస్ సర్వర్, కొత్తది లినక్స్ అయి ఉంటుంది. విండోస్‌కు పెద్దక్షరాల జేపీజీ, చిన్నక్షరాల జేపీజీ ఒకటే. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు.

ప్రశ్న: దక్షిణాఫ్రికాకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల ఓడ జాబితాలను మేం కొందరం పదేళ్లుగా సైట్‌లో ఎక్కిస్తున్నాం. కొత్త సర్వర్‌లో పేజీల చిరునామాలన్నీ మారిపోతున్నాయి. అక్కడి కుటుంబాలు మా పాత లింకులను తమ పుస్తకాల్లో అచ్చు వేసుకున్నాయి. పాత లింకులన్నీ మొదటి పేజీకి మళ్లిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సరిపోదు. ఇంటి నంబరు చెప్పి అడిగినవాడికి ఊరి పొలిమేర చూపించినట్టు ఉంటుంది.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులు ఇప్పటి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలీలుగా వెళ్లారు. దిగినవాళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చారు. పేరును గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్నాడు, ఊరి పేరుదీ అదే గతి. వాళ్ల మునిమనవలు ఈరోజు పట్టుకుని వెతుకుతున్నది ఆ నంబరునే. మీ పేజీ చిరునామా కూడా వాళ్లకు అలాంటి నంబరే అయింది.

సర్వర్ మారినంత మాత్రాన చిరునామాలు మారాలని లేదు. మీ విషయంలో మార్చింది కొత్త సాఫ్ట్‌వేర్. కాబట్టి పాత చిరునామా ఒక నిలువు, కొత్తది ఒక నిలువు పెట్టి జాబితా రాయండి. పాత చిరునామాలో కలోనియల్ నంబరు గానీ, వరస సంఖ్య గానీ ఉంటే ఒక్క సూత్రంతో వేల పేజీలకు దారి వేయొచ్చు. 301 మళ్లింపు పెట్టండి, 302 వద్దు. మొదటిది శాశ్వతంగా వెళ్లిపోయామని చెప్తుంది, రెండోది ఊరెళ్లాం మళ్లీ వస్తామని. పాత డొమైన్‌ను ఎన్నేళ్లయినా వదలకండి. మార్పిడికి ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో మీ ముఖ్యమైన పేజీలను మీరే భద్రం చేయండి. అది ఉచితం, ఒక్క ఆదివారం పని.

ప్రశ్న: సైట్ ఎలాగూ మారుస్తున్నాం కదా అని మా పెద్దమ్మ కోడలు తన పుట్టిన తేదీ, పిల్లల వివరాలు తీసేయమంటోంది. అందరూ అలా అంటే వంశవృక్షంలో ఏం మిగులుతుంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: చనిపోయినవాళ్లు మిగులుతారు. వంశవృక్షం ముఖ్యంగా వాళ్ల కోసమే కదండీ. ఆవిడ అడిగింది న్యాయం, వెంటనే తీసేయండి. అమ్మ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు ఒకేచోట పెట్టడమంటే బ్యాంకు అడిగే రహస్య ప్రశ్నలకు జవాబులు గోడకు అంటించడమే. బతికున్నవాళ్ల వివరాలు లాగిన్ అయిన చుట్టాలకే కనిపించేలా చేసే ఏర్పాటు వెబ్‌ట్రీస్ వంటి సాఫ్ట్‌వేర్లలో ముందే ఉంది. మార్చాక, లాగిన్ కాకుండా ఒకసారి సైట్ తెరిచి మీ పేరే వెతుక్కోండి.

నేను చేసిన పొరపాటు కూడా చెప్తాను. మా సైట్ మార్చేటప్పుడు ప్రయత్నంగా ఒక కాపీ కొత్త సర్వర్‌లో పెట్టి, తాళం వేయడం మరిచాను. వారం తిరక్కుండా గూగుల్ దాన్ని పట్టుకుంది. మా చిన్నాన్న కూతురి ఫోన్ నంబరు పైకి వచ్చింది. ఆ అమ్మాయి నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ప్రయత్నపు కాపీకి మొదటి రోజే పాస్‌వర్డ్ పెట్టండి.

ప్రశ్న: అన్నీ అయిపోయాయి. పాత సర్వర్ ఎప్పుడు వదిలేయొచ్చు?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: డొమైన్‌ను కొత్త సర్వర్ వైపు తిప్పడానికి రెండు రోజుల ముందే డీఎన్ఎస్‌లో టీటీఎల్‌ను, అంటే పాత చిరునామాను ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకెను, 86,400 సెకన్ల నుంచి 300కు తగ్గించారా? తగ్గిస్తే చాలామందికి కొద్ది నిమిషాల్లోనే కొత్త సైట్ కనిపిస్తుంది. లేకపోతే ఒక రోజంతా కొందరు చుట్టాలు పాత ఇంట్లో, కొందరు కొత్త ఇంట్లో ఉంటారు. పాత ఇంట్లో ఎవరైనా పేరు చేరిస్తే అది అక్కడే ఉండిపోతుంది. అందుకే ఆ రోజు పాత సైట్‌లో చేర్పులు ఆపేయండి. సైట్ పేరుతో ఈమెయిల్ ఉంటే అది కూడా పాత సర్వర్‌లోనే ఉందేమో చూడండి, అందరూ మరిచేది దాన్నే.

కొత్త ఇంట్లో పాలు పొంగించినా పాత ఇంటి తాళాలు వెంటనే ఇవ్వకండి. ఇంకో నెల అద్దె కట్టండి.