వీరస్మృతి యాత్ర

హైదరాబాదులోని బాలానగర్ పారిశ్రామికవాడలో యుద్ధవిమానాలకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు తయారవుతున్నాయి. అక్కడికి గంట ప్రయాణంలోపే గోలకొండ దుర్గం ఉంది. నేటి రక్షణవిద్యకూ నాటి రక్షణవిద్యకూ నడుమ ఉన్న ఆ కొద్దిదూరంలో మూడు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఇమిడి ఉంది.

1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించాడు. ఎనిమిది నెలలు ఫిరంగులు మ్రోగినా దుర్గం లొంగలేదు. గోడల క్రింద మొగలులు పెట్టిన మందుపాతరలు వారి సైనికులనే బలిగొన్నాయి. చివరకు సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లాఖాన్ పన్నీ అనే సేనాని ధనాశకు లోబడి ద్వారం తెరిపించాడు. అబ్దుర్ రజాక్ లారీ మాత్రం ఒంటినిండా గాయాలతో స్పృహ తప్పేవరకు పోరాడాడు. అతని స్వామిభక్తికి మెచ్చి ఔరంగజేబే వైద్యం చేయించాడు. నేడు మనం కోటలో ప్రవేశించే ఫతే దర్వాజాకు విజయద్వారమని అర్థం. ఓడినవారి కోటకు గెలిచినవారి విజయం పేరైంది!

కోఠిలో మరొక స్మారకం ఉంది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి జరిపారు. ఆనాటి పాలకులకు వారు ద్రోహులు. స్వతంత్ర భారతానికి అమరవీరులు.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు కలిసి బొబ్బిలిపై దాడి చేశారు. కోట దక్కదని తెలిసి బొబ్బిలివారు తమ స్త్రీలను, పిల్లలను శత్రువులకు చిక్కనీయక తామే చంపుకొన్నారు. అక్కడి స్మారకస్తంభం ముందు నిలిచినప్పుడు తాండ్ర పాపారాయుని ఖడ్గంతోపాటు ఆ పసివారు కూడ గుర్తుకు రావాలి.

విశాఖ సాగరతీరంలో 1971 యుద్ధవిజయానికి స్మారకం ఉంది. దానికి చేరువలోనే కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రమించిన ఈ నౌక 2002 నుండి ప్రదర్శనశాలగా మారింది. లోపలి ఇరుకుదారిలో తల వంచి నడిచి, ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడకలను చూసినవారికి నావికుని జీవితం ఎంత కఠినమో బోధపడుతుంది.

విద్యార్థులారా! ఎవరు గెలిచారో శిలాఫలకం చెబుతుంది. ఎవరు మరణించారు, ఆ పేరు ఎవరు పెట్టారు అన్న ప్రశ్నలు మనమే వేసుకోవాలి. ఆ ప్రశ్నలతో వెళ్లినవానికే శిథిలాలు చరిత్ర చెబుతాయి.